మెయిన్‌లో ఎలుగుబంటి వేటకి ఎర చోటు ఎలా సిద్ధం చేసుకోవాలి

జూన్ దాటిందంటే చాలు, బోస్టన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు అడిగేది ఒకటే. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో ఎలుగు వేటకి బెయిట్, అంటే ఎర, ఎప్పుడు పెట్టాలి, ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి, ఎంత దూరంలో కూర్చోవాలి. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పేటప్పుడు సగం మర్చిపోతున్నాను, అందుకే మొత్తం ఒకేచోట రాస్తున్నాను. తుపాకీ ఎలా కాల్చాలి, ఏ తూటా మంచిది లాంటివి ఇందులో ఉండవు. ఎర చోటు గురించి మాత్రమే.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఇది అమెరికాలో, అదీ ఎరతో వేట చట్టబద్ధంగా ఉన్న రాష్ట్రాల్లో మాత్రమే పనికొచ్చే సంగతి. మన దేశంలో ఎలుగుబంటి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది, నల్లమలలో అయినా శ్రీకాకుళం ఉద్దానంలో అయినా దాన్ని వేటాడితే జైలే. అమెరికాలోని నల్ల ఎలుగు వేరే జాతి, సంఖ్య బాగా ఉంది, రాష్ట్రమే లెక్కలు కట్టి సీజన్ పెడుతుంది. అమెరికాలో కూడా అన్ని రాష్ట్రాలూ ఒకటి కాదు, మసాచుసెట్స్‌లో ఎరతో ఎలుగు వేట నిషేధం, అందుకే మనవాళ్లు పైకి మెయిన్ వెళ్తున్నారు. మెయిన్‌లో 2004లో ఒకసారి, 2014లో ఒకసారి ఈ పద్ధతిని ఆపాలా వద్దా అని ప్రజల ఓటుకి పెట్టారు, రెండుసార్లూ ఆపొద్దనే వచ్చింది కానీ గట్టి పోటీనే నడిచింది. కాబట్టి మీరు అడవిలో వదిలే ప్రతి ప్లాస్టిక్ కవరూ ఎవరో ఒకరు ఫోటో తీస్తారు. ఆ స్పృహతో పని చేయండి.

ముందు కాగితాలు

ఇది బోరు పనే, కానీ ఇక్కడ తప్పితే మిగతాదంతా వృథా.

బయటి రాష్ట్రంవాళ్లకి బిగ్ గేమ్ (పెద్ద జంతువుల) హంటింగ్ లైసెన్సు, దానిమీద బేర్ పర్మిట్ రెండూ కావాలి. లైసెన్సుకి హంటర్ సేఫ్టీ కోర్సు సర్టిఫికెట్ గానీ, ఇంతకుముందు ఎక్కడైనా తీసుకున్న హంటింగ్ లైసెన్సు గానీ చూపించాలి. పౌరులు కానివాళ్లకి మెయిన్‌లో లైసెన్సు కేటగిరీ వేరుగా ఉంటుంది, ఆ రాష్ట్ర ఇన్‌లాండ్ ఫిషరీస్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖకి ఫోన్ చేసి మీ వీసా చెప్పి ఏది తీసుకోవాలో కనుక్కోండి.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ, తూటాలు దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు చేతిలో ఉండటం. లైసెన్సు గడువు అయిపోయిన మర్నాడు ఫ్రెండ్ తుపాకీ పట్టుకున్నా ఇబ్బందే, ఇమిగ్రేషన్ వరకు పోతుంది. ఈ టెన్షన్ వద్దనుకుంటే విల్లు గానీ క్రాస్‌బౌ గానీ నేర్చుకోండి, ఆ ఫెడరల్ నియమం తుపాకులకే. పైగా ఎర దగ్గర దూరం తక్కువ కాబట్టి విల్లుకి ఇది బాగా కుదిరే వేట.

తేదీలు: సీజన్ ఆగస్టు ఆఖరి సోమవారం మొదలవుతుంది. దానికి 30 రోజుల ముందు నుంచే ఎర వేయొచ్చు, అంతకంటే ఒక్కరోజు ముందు వేసినా తప్పే. ఉదాహరణకి 2025లో సీజన్ ఆగస్టు 25న మొదలైంది, ఎర జూలై 26 నుంచి. ఎర మీద వేట దాదాపు నాలుగు వారాలే, సెప్టెంబరు నెలాఖరుకి ముందే అయిపోతుంది, ఆ తర్వాత సీజన్ నడుస్తున్నా ఎర దగ్గర కూర్చోకూడదు. ఆదివారం మెయిన్‌లో వేట లేదు. శని, ఆదివారాలు ప్లాన్ చేసుకుని వచ్చి సగం సెలవు పోగొట్టుకునేవాళ్లు ఏటా కనిపిస్తారు.

ఏమేం కావాలి

- 55 గ్యాలన్ల స్టీలు డ్రమ్ము ఒకటి, ఇంతకుముందు తిండి సరుకు పోసి ఉన్నదే. కెమికల్ డ్రమ్ము ఎంత కడిగినా వద్దు. ప్లాస్టిక్ డ్రమ్మును ఎలుగు నమిలి ముక్కలు చేస్తుంది, ఆ ముక్కలన్నీ మీరే ఏరాలి. డ్రమ్ము మోసుకెళ్లే దారి లేకపోతే గుంట, దుంగలతో కూడా నడుస్తుంది, కింద చెప్తాను.
- గట్టి గొలుసు, తాళం.
- మూతలున్న 5 గ్యాలన్ల బకెట్లు నాలుగైదు.
- ట్రైల్ కెమెరా (జంతువు కదిలితే తనంతట తానే ఫోటో తీసేది), అదనపు బ్యాటరీలు, కార్డు.
- 2 అంగుళాలు × 4 అంగుళాల ట్యాగు, మీ పేరు, అడ్రసు చెరిగిపోని ఇంకుతో రాసి. లామినేట్ చేయిస్తే మంచిది.
- చెట్టుకి కట్టుకుని పైన కూర్చునే స్టాండ్, నడుముకీ భుజాలకీ వేసుకునే సేఫ్టీ హార్నెస్.
- రబ్బరు బూట్లు, రబ్బరు గ్లవ్స్, చెత్త సంచులు, ఇనుప పళ్ల చిన్న దంతె (రేక్).
- పురుగుల మందు. మెయిన్ అడవుల్లో జింక పిడుదులు (టిక్స్) ఎక్కువ, లైమ్ జబ్బు వాటివల్లే. బట్టలకి పర్మెత్రిన్ కొట్టుకోండి, ఇంటికి రాగానే ఒళ్లంతా చూసుకోండి.
- బేర్ స్ప్రే, అంటే ఎలుగు మీదకి వస్తే కొట్టే కారం స్ప్రే, నడుముకి. బ్యాగు అడుగున పెడితే ఉపయోగం లేదు.

ఎర సరుకు గురించి నాలుగో మెట్టులో వివరంగా రాశాను.

1. స్థలం యజమాని అనుమతి

మెయిన్ అడవిలో ఎక్కువ భాగం ప్రైవేటు, కలప కంపెనీలవి, కుటుంబాలవి. మామూలు వేటకి బోర్డు లేని భూమిలో తిరగనిస్తారు కానీ ఎర పెట్టడానికి మాత్రం యజమాని అనుమతి తప్పనిసరి. పెద్ద కలప కంపెనీలు ఎర చోట్లని ఫీజు తీసుకుని లీజుకిస్తాయి, మంచి చోట్లు ఏళ్లతరబడి గైడ్ల చేతిలో ఉంటాయి, కాబట్టి చలికాలంలోనే అడిగి పెట్టుకోండి. కెమెరా పెట్టడానికీ, స్టాండ్ కట్టడానికీ కూడా అనుమతి అప్పుడే అడిగేయండి, కెమెరా మీద మీ పేరు, ఫోన్ నంబరు రాయండి. చెట్టుకి మేకు కొట్టకండి. ఆ చెట్టు రేపు రంపపు మిల్లుకి పోతుంది, మేకు రంపానికి తగిలితే జరిగేదేంటో ఊహించుకోండి.

మొదటి ఏడాది అయితే నా సలహా, రిజిస్టర్డ్ మెయిన్ గైడ్‌తో వెళ్లండి. డబ్బు అవుతుంది, నిజమే. కానీ నెలరోజులు రోజు మార్చి రోజు బోస్టన్ నుంచి నాలుగైదు గంటలు డ్రైవ్ చేసి ఎర వేయడం ఉద్యోగం చేసేవాళ్లకి కుదిరే పని కాదు. సొంతంగా చేయాలనుకుంటే అక్కడే దగ్గర్లో ఉండే ఒక మనిషితో కలిసి పెట్టుకోండి.

2. చోటు ఎంచుకోవడం

చట్టం చెప్పే దూరాలు ముందు. మామూలు కారు గానీ ఫోర్ వీల్ డ్రైవ్ బండి గానీ పోగలిగే ఏ దారికైనా కనీసం 50 గజాల అవతల. చెత్త వేసే డంపుకీ, క్యాంప్‌గ్రౌండుకీ 500 గజాల పైన. మనుషులు ఉంటున్న ఇంటికి కూడా 500 గజాల పైన, తగ్గితే ఆ ఇంటివాళ్లు రాసిచ్చిన అనుమతి ఉండాలి. ఫోన్ మ్యాప్‌లో కొలిచి స్క్రీన్‌షాట్ దగ్గర పెట్టుకోండి.

50 గజాలు కనీసం మాత్రమే. నేనైతే దారికి 150 గజాలకి తక్కువ పెట్టను, బండి చప్పుడు వినబడే చోటికి పెద్ద మగ ఎలుగు పగటిపూట రాదు. అలాగని అరమైలు లోపలికీ పోవద్దు. బకెట్లు మోయాలి, ఆ తర్వాత దేవుడు కరుణిస్తే ఎలుగుని మోయాలి. పెద్ద మగది 250 పౌండ్ల నుంచి పైకి ఎంతైనా ఉండొచ్చు.

మంచి చోటుకి గుర్తులు: దగ్గర్లో నీళ్లు, అంటే వాగో బురద నేలో. ఒక పక్క స్ప్రూస్, ఫర్, సెడార్ చెట్లు గుబురుగా, నడవలేనంత దట్టంగా. ఇంకో పక్క కాస్త తెరపిగా. పదేళ్ల కింద కలప కొట్టిన చోటు ఉంటే అక్కడ రాస్ప్‌బెర్రీ, చోక్‌చెర్రీ ఉంటాయి, ఆగస్టులో ఎలుగు ఎలాగూ అక్కడే తిరుగుతుంది. దాని రోజువారీ దారి పక్కనే మీ ఎర పెట్టండి, కొత్త దారి అలవాటు చేయాలని చూడకండి.

ఇప్పుడు గాలి. అన్నిటికంటే ముఖ్యం ఇదే, మనవాళ్లు అన్నిటికంటే తక్కువ పట్టించుకునేదీ ఇదే. గాలి ఎర వైపు నుంచి మీ వైపు రావాలి, ఇది అందరికీ తెలుసు. కానీ ఎలుగు నేరుగా ఎరమీదకి రాదు, గాలి కింది వైపుకి చుట్టు తిరిగి వాసన చూసుకునే వస్తుంది, అంటే సరిగ్గా మీ వెనకనుంచి. అందుకే స్టాండ్ వెనక అది నడవడానికి ఇష్టపడని నేల ఉండేట్టు చూసుకోవాలి, ఒక చెరువో, పెద్ద మైదానమో, మీరు నడిచి వచ్చే పాత దారో. ఇంకొకటి, సాయంత్రం చల్లబడేకొద్దీ గాలి వాలు వెంట కిందికి జారుతుంది. స్టాండ్ వాలు మీద పైన, ఎర కింద ఉంటే ఎలుగు వచ్చే ఆ చివరి గంటలోనే మీ వాసన మొత్తం ఎర మీదకి పోతుంది.

సూర్యుడు మీ వీపు వెనక ఉండాలి. వచ్చేది సాయంత్రమే కాబట్టి స్టాండ్ పడమర, ఎర తూర్పు. గాలీ ఎండా రెండూ కుదరకపోతే గాలికే ఓటు వేయండి.

3. డ్రమ్ము, స్టాండ్ అమర్చడం

ఇది ఎర వేసే తేదీకి ముందే, ఖాళీ డ్రమ్ముతో చేసేయాలి. లోపల గానీ చుట్టూ గానీ తినే వస్తువు ఒక్కటీ ఉండకూడదు.

డ్రమ్ము నిలువుగా చెట్టుకి ఆనించి గొలుసుతో బిగించండి. వదులుగా ఉంటే ఎలుగు దాన్ని దొర్లించుకుంటూ పొదల్లోకి తీసుకుపోతుంది, మీకు కనబడదు. మూత గట్టిగా బిగించి, డ్రమ్ము మధ్య ఎత్తులో పంజా మాత్రమే పట్టేంత కన్నాలు రెండు మూడు, ఒక్కొక్కటి నాలుగు అంగుళాలు, కోయండి. దీనికి రెండు కారణాలు. పంజాతో కొంచెం కొంచెం లాక్కుని తినాలి కాబట్టి ఎలుగు ఎక్కువసేపు నిలబడుతుంది. రెండోది, తల పట్టీ పట్టని కన్నం ఉంటే పిల్ల ఎలుగులు తల ఇరికించుకుని చస్తాయి. కన్నం అంచులు ఆకురాయితో నున్నగా చేయండి, ఇది తప్పకుండా.

డ్రమ్ము లేకపోతే మోకాలి లోతు గుంట తవ్వి, ఎర పోసి, పైన బరువైన దుంగలు అడ్డదిడ్డంగా పేర్చండి. దుంగలు ఒక మనిషి కష్టపడి లేపేంత బరువుండాలి, రకూన్ లాంటి చిన్న జంతువులు కదపలేకుండా. గుంట తవ్వడానికి కూడా యజమానిని అడగాలి.

డ్రమ్ముకి మరో లాభం ఉంది. దాని ఎత్తు సుమారు 35 అంగుళాలు, అది మీకు కొలబద్ద. నాలుగు కాళ్ల మీద నిలబడిన ఎలుగు వీపు డ్రమ్ము నడుమ గీత దగ్గర ఉంటే అది చిన్నది, పై అంచుకి దగ్గరగా ఉంటే పెద్దదే. ఒంటరిగా అడవిలో చూస్తే ప్రతి ఎలుగూ పెద్దదిగానే కనిపిస్తుంది, కొత్తవాళ్లకి మరీ.

స్టాండ్ విల్లుకైతే 15 నుంచి 20 గజాలు, తుపాకీకి 40 నుంచి 60. ఎత్తు 12–15 అడుగులు చాలు. డ్రమ్ము పెట్టిన దిశ ఎలాగుండాలంటే ఎలుగు తింటున్నప్పుడు దాని పక్క భాగం మీకు కనబడాలి, ఎదురుగా కాదు. స్టాండ్‌కి నడిచే దారి ఎర మీదుగా పోకూడదు, దారిలో ఎండుపుల్లలు ఏరేయండి, అడ్డొచ్చే కొమ్మలు ఇప్పుడే, అనుమతి ఉన్నంతవరకే, కత్తిరించండి. సీజన్ మధ్యలో కొమ్మలు నరికితే చోటు పాడైనట్టే. పేరు, అడ్రసు ట్యాగు స్టాండ్‌కో ఎర చోటుకో స్పష్టంగా కనబడేట్టు కట్టండి.

4. ఎర సరుకు: ఏది వేయాలి, ఏది వేయకూడదు

వేయదగ్గవి: బేకరీల్లో మిగిలిన డోనట్లు, బ్రెడ్, కుకీలు, ఓట్స్, గ్రనోలా, ఉప్పు లేని పాప్‌కార్న్, మొలాసిస్. మొలాసిస్ అంటే మన చెరకు మడ్డే, ఓట్స్ మీద పోసి కలిపితే వాసన చాలా దూరం పోతుంది. పాప్‌కార్న్ చవక, తేలిక, కడుపు నిండదు కాబట్టి ఎలుగు మళ్లీ వస్తుంది. సరుకు అడుగున ఓట్స్, పైన డోనట్లు.

వాసనకి: హోటళ్లలో వాడేసిన వేపుడు నూనె డ్రమ్ము ముందు నేల మీద ఒక లీటరు పోయండి. ఎలుగు దాన్ని తొక్కి, పాదాలతో ఆ వాసన అడవంతా తిప్పుతుంది, వేరే ఎలుగులు ఆ జాడ పట్టుకుని వస్తాయి. నీళ్ల పక్కన మాత్రం పోయకండి. అనిస్ నూనె కూడా వాడతారు, మన సోంపు వాసనే. ఒక గుడ్డకి పది చుక్కలు వేసి మనిషి ఎత్తుకి పైన కొమ్మకి కట్టండి, పని అయ్యాక ఆ గుడ్డ కూడా ఇంటికి తెచ్చేయాలి. తేనె మాడబెట్టడం అని ఒక పద్ధతి ఉంది, చిన్న క్యాంప్ స్టవ్ మీద పాత గిన్నెలో తేనె పొగ వచ్చేదాకా. బాగా పని చేస్తుంది కానీ ఎండు రోజుల్లో చేయకండి, చేస్తున్నంతసేపూ పక్కనే ఉండండి.

వేయకూడనివి, ఇది కాస్త నిదానంగా చదవండి.

చాక్లెట్ వద్దు. 2014లో న్యూహాంప్‌షైర్‌లో ఒకే ఎర చోట నాలుగు ఎలుగులు, రెండు ఆడవి, రెండు పిల్లలు, చచ్చి పడి ఉన్నాయి, పరీక్ష చేస్తే చాక్లెట్‌లో ఉండే థియోబ్రోమిన్ ఎక్కువై చనిపోయాయని తేలింది. ఆ తర్వాత ఆ రాష్ట్రం ఎరలో చాక్లెట్ నిషేధించింది, మిషిగన్ కూడా. చాక్లెట్ చవగ్గా దొరుకుతోందని ఎవరు చెప్పినా, ఎవరు ఏ రాష్ట్రంలో వాడుతున్నా, మీరు ముట్టుకోకండి. చాక్లెట్ పూత డోనట్లు కూడా ఏరి పక్కన పెట్టండి. షుగర్‌లెస్ చూయింగ్ గమ్, క్యాండీల్లో ఉండే జైలిటాల్ కుక్కలకి విషం, అది కూడా వద్దు. ఎర దగ్గరికి వచ్చేవి ఎలుగులే కాదు. అదే కారణంతో కిస్‌మిస్ ఉన్నవీ నేను వేయను. ఇంట్లో పండగకి మిగిలిన లడ్డూలు వేయొచ్చా అని అడిగారు ఒకరు. కిస్‌మిస్ లేకపోతే, బూజు పట్టకపోతే, వెండి రేకు, పేపరు కప్పు తీసేస్తే వేయొచ్చు.

కవర్లు, రేపర్లు ఒక్కటీ అడవిలోకి పోకూడదు. ప్యాకెట్లన్నీ ఇంటి దగ్గరే విప్పి బకెట్లలో పోసుకోండి. కుళ్లిన మాంసం, కోళ్ల వ్యర్థాలు చాలామంది వాడతారు, నేను వద్దంటాను. ఆగస్టు ఎండకి పురుగు పడుతుంది, కొయోటీలూ (నక్కల్లాంటివి) గద్దలూ చేరతాయి, తాజా తీపికి వచ్చినన్ని ఎలుగులు దానికి రావు.

సరుకు ఇంటి దగ్గర దాచడం కూడా జాగ్రత్త. గరాజులో మూతలేని డోనట్లు పెట్టుకుంటే ఎలుకలు, అడవి పక్క ఇల్లయితే ఎలుగే వస్తుంది.

5. మొదటి రోజు, ఆ తర్వాత

మొదటి రోజు రెండు బకెట్లు డ్రమ్ములో, ఒక గుప్పెడు డోనట్లు బయట దుంగల కింద. నూనె, అనిస్ గుడ్డ. డ్రమ్ము ముందు నేలని దంతెతో చదును చేసి మెత్తగా వదలండి, అడుగులు పడటానికి. కెమెరా డ్రమ్ముకి నాలుగైదు గజాల దూరంలో, తల ఎత్తుకి పైన, కిందికి వంచి. నడుము ఎత్తులో పెడితే ఎలుగు దాన్ని కొరుకుతుంది.

తర్వాత రెండు మూడు రోజులకొకసారి వెళ్లండి. ఎలుగు రావడం మొదలయ్యాక అది తినేదాన్ని బట్టి రోజూ గానీ రోజు మార్చి రోజు గానీ. రెండు నియమాలు మాత్రం తప్పకండి.

ఒకటి, ఎప్పుడూ ఒకే టైంకి. మధ్యాహ్నం పదకొండు, రెండు మధ్య మంచిది, ఎలుగు అప్పుడు నీడలో పడుకుని ఉంటుంది. సాయంత్రం నాలుగు తర్వాత ఎర దగ్గరికి పోవద్దు. వెళ్లేటప్పుడు దొంగలా వెళ్లకండి, మాట్లాడుకుంటూ వెళ్లండి, బకెట్ రెండుసార్లు తట్టండి. డ్రమ్ము దగ్గర ఉన్న ఎలుగు తప్పుకోవడానికి టైం ఇచ్చినట్టు ఉంటుంది, పైగా కొన్నాళ్లకి ఆ చప్పుడంటే భోజనం అని దానికి తెలిసిపోతుంది. సీజన్‌లో ఇదే పనికొస్తుంది: ఇద్దరు కలిసి వెళ్లండి, ఒకరు చప్పుడు లేకుండా స్టాండ్ ఎక్కితే ఇంకొకరు ఎర పోసి, బకెట్ తట్టి, మాట్లాడుకుంటూ వెళ్లిపోవాలి. మనిషి వెళ్లిపోయాడని ఎలుగు అనుకుంటుంది.

రెండు, డ్రమ్ము ఎప్పుడూ ఖాళీ కాకూడదు. రెండుసార్లు వచ్చి ఖాళీ డ్రమ్ము చూసిన ఎలుగు పక్క గైడ్ డ్రమ్ముకి మారిపోతుంది. నాలుగు చోట్లు మొదలుపెట్టి దేనికీ సరిగ్గా సరుకు అందించలేకపోవడం కంటే ఒకటి రెండు చోట్లు నిండుగా నడపండి.

ప్రతిసారీ అవే బూట్లు, అవే గ్లవ్స్. మీ వాసన పూర్తిగా పోగొట్టలేరు, అక్కర్లేదు కూడా. ఎర వేసే మనిషి వాసన దానికి అలవాటైపోతుంది. కొత్త మనుషులని, పిల్లలని, కుక్కని చూపించడానికి తీసుకెళ్లకండి.

6. పని చేస్తోందా లేదా ఎలా తెలుసుకోవాలి

సరుకు తగ్గింది కదా, ఎలుగు వచ్చిందనుకోవద్దు. రకూన్లు, కాకులు కూడా తింటాయి. ఎలుగు అయితే దుంగలు విసిరేసి ఉంటాయి, డ్రమ్ము మీద బురద పంజాలు ఉంటాయి, చుట్టూ గడ్డి నలిగి దారి పడుతుంది. మెత్తని నేలలో వెనక పాదం దాదాపు మనిషి అడుగులాగే ఉంటుంది. ముందు పాదం వెడల్పు అంగుళాల్లో కొలిచి ఒకటి కలపండి, అన్ని అడుగుల పొడవు ఉంటుందని పాత వేటగాళ్ల లెక్క. నాలుగున్నర అంగుళాలుంటే ఐదున్నర అడుగుల ఎలుగు, మంచిదే. అంచనాకి సరిపోతుంది.

కెమెరాలో ఎన్ని ఫోటోలు అన్నది కాదు, ఏ టైంకి అన్నది చూడండి. అన్నీ అర్ధరాత్రివే అయితే మీ రాకపోకలు ఎక్కువయ్యాయనో, దారికి మరీ దగ్గరగా ఉందనో, గాలి తప్పుగా ఉందనో అర్థం. వెళ్లే టైం మార్చండి, స్టాండ్ మార్చండి, ఎర చోటు మాత్రం వెంటనే మార్చకండి. పది రోజులైనా ఒక్క ఎలుగూ రాకపోతే అప్పుడు మార్చండి.

ఆ ఏడాది అడవిలో పంట ఎలా ఉందో కూడా చూడండి. ఉత్తర మెయిన్‌లో బీచ్ చెట్ల కాయలు ఒక ఏడాది బాగా కాసి మరుసటి ఏడాది కాయకుండా ఉండటం మామూలు. బెర్రీలూ కాయలూ విరగకాసిన ఏడాది మీ డోనట్ల మొహం ఎవరూ చూడరు, మీ తప్పేం లేదు. కాయని ఏడాది ఎర దగ్గర రద్దీ ఉంటుంది, కానీ ఎలుగులు తొందరగా గుహల్లోకి వెళ్లిపోతాయి.

కెమెరా చూసేది ఇంకో పనికి కూడా. ఏ ఎలుగు ఆడది, దేనికి పిల్లలున్నాయి అన్నది సీజన్ మొదలయ్యేలోపు మీకు కంఠతా రావాలి. ఎరతో వేటలో నాకు నచ్చేది ఇదొక్కటే, ఎలుగు మీ ముందు ఇరవై నిమిషాలు నిలబడుతుంది, తీరిగ్గా చూసుకుని వద్దనుకుంటే వదిలేయొచ్చు. తల్లి ఎలుగు చాలాసార్లు పిల్లల్ని చెట్టెక్కించి ఒంటరిగా ముందు వస్తుంది. కాబట్టి ఏది వచ్చినా పది, పదిహేను నిమిషాలు ఆగండి. చెవులు పెద్దగా, దగ్గరదగ్గరగా కనిపిస్తే అది చిన్నది. చెవులు చిన్నగా, తలకి పక్కలకి పోయినట్టుంటే పెద్దది. అనుమానం ఉంటే వదిలేయండి.

తరచుగా జరిగే తప్పులు

సీజన్ మొదటి రోజే కూర్చోవాలన్న తొందరలో గాలి తప్పుగా ఉన్నా స్టాండ్ ఎక్కడం, ఇది అన్నిటికంటే ఖరీదైన తప్పు. ఒక్కసారి మీ వాసన స్టాండ్ దగ్గర పట్టిందంటే ఆ పెద్ద మగది పగటిపూట ఇక రాదు. ఆ రోజు ఎర పోసి వచ్చేయండి.

స్టాండ్‌లో ఫోన్, సిగరెట్, పర్‌ఫ్యూమ్ సబ్బు, దోమల మందు ఘాటు వాసన. హార్నెస్ లేకుండా ఎక్కడం. ఎర పోసిన బట్టలతో టెంటులో పడుకోవడం. చీకటి పడ్డాక డ్రమ్ము దగ్గర ఎలుగు ఇంకా తింటూ ఉంటే స్టాండ్ దిగి నడవడం, ఇలాంటప్పుడు పైనుంచే గట్టిగా మాట్లాడండి, అది వెళ్లాక దిగండి. సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకే వేటకి అనుమతి, కాలం చూసుకోండి.

ఐస్ తీసుకెళ్లకపోవడం కూడా. ఆగస్టు చివర్లో రాత్రి కూడా వెచ్చగానే ఉంటుంది, ఎలుగుకి కొవ్వు, బొచ్చు ఎక్కువ కాబట్టి మాంసం గంటల్లో చెడుతుంది. ఎలుగు పడితే ట్యాగు కట్టి 18 గంటల్లో రిజిస్టర్ చేయించాలి, అక్కడ పన్ను ఒకటి తీసి ఇవ్వమంటారు, వయసు లెక్కకి. మాంసంలో ట్రికినెల్లా అనే పురుగు ఉండే అవకాశం ఉంది, ఫ్రీజర్‌లో పెట్టినా కొన్ని రకాలు చావవు. లోపల 71 డిగ్రీల సెల్సియస్ వచ్చేదాకా ఉడకాలి. మన కుక్కర్ కూర పద్ధతి దీనికి సరిగ్గా సరిపోతుంది, కబాబులు వద్దు. చర్మం, గోళ్లు ఇండియాకి పట్టుకెళ్దామని అనుకోకండి, నల్ల ఎలుగు సైటిస్ అనే అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం కిందికి వస్తుంది, అనుమతులు లేకుండా పట్టుకెళ్తే కస్టమ్స్‌లో దొరికిపోతారు.

7. చోటు మూసేయడం

ఎర మీద వేట ముగిసిన వారంలోపే వెళ్లిపోండి, చట్టం నవంబరు 10 దాకా టైం ఇచ్చినా సరే. అక్టోబరు వానలకి దారులు పాడవుతాయి, నవంబరులో జింకల సీజన్ జనం ఉంటారు, మంచు పడితే కింద ఏముందో కనబడదు. మిగిలిన సరుకు బకెట్లలోకి ఎత్తండి. డ్రమ్ము, గొలుసు, స్టాండ్, కెమెరా, ట్యాగు, అనిస్ గుడ్డ, తాళ్లు, అన్నీ లెక్క చూసి తీయండి. గుంట తవ్వి ఉంటే పూడ్చండి. డోనట్ పెట్టెల ముక్కలు, కన్నాల దగ్గర రాలిన స్టీలు రజను కూడా దంతెతో గీకి ఏరండి. అయ్యాక అదే కోణం నుంచి నాలుగు ఫోటోలు తీసి స్థలం యజమానికి పంపండి, వచ్చే ఏడాదికి అదే చోటు అడుగుతూ.